నాలుగో బొమ్మ కోసం తల తిప్పినప్పుడు

తిరుపతి నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సారాంశం ఇది.

ఆయన వయసు ముప్ఫై రెండు. ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. కొర్లగుంట వైపు అద్దె ఇల్లు, పైన డాబా, మూడేళ్ల పాప. రెండేళ్ల కిందట ఫోనులో ఒక పోటీ చూశారు. బక్కపలుచని మనిషి ఒకడు వెల్లకిలా పడుకునే తనకంటే ముప్ఫై కిలోలు ఎక్కువున్నవాణ్ణి ఓడించాడు. ఆ రోజు నుంచి బ్రెజిలియన్ జియు-జిట్సు మీద, అంటే నేల మీద కలబడి ఎదుటివాణ్ణి పట్లతో లొంగదీసే విద్య మీద, మనసు పడింది. అది నేర్పేచోటు ఊళ్లో ఆయనకు కనబడలేదు. చెన్నైలోనూ బెంగళూరులోనూ ఉన్నాయని తెలిసినా ఉద్యోగం వదిలి పోలేరు. అందుకని పుస్తకాలు తెప్పించుకున్నారు. ఇప్పటికి ఆరు అయ్యాయి, ఖర్చు పద్నాలుగు వేల చిల్లర. ఈ లెక్క భార్యకు మొన్నమొన్నటిదాకా తెలియదు.

బావమరిది వీళ్లింట్లోనే ఉండి డిగ్రీ చదువుతున్నాడు. వాళ్లది చిత్తూరు దగ్గర పల్లె, మామిడితోట ఉంది. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ డాబా మీద రెండు దూది పరుపులు పరిచి సాధన మొదలుపెట్టారు. పక్కన పుస్తకం తెరిచి, గాలికి పేజీ తిరగకుండా దాని మీద స్టీలు చెంబు పెట్టేవారు. జూన్‌లో ఒక ఆదివారం చేతిని నిటారుగా చాపి మోచేయి మీద ఒత్తిడి పెట్టే ఆర్మ్‌బార్ పట్టు ప్రయత్నించారు. ఆయన మాటల్లోనే: "మూడో బొమ్మ దాకా సరిగ్గా వచ్చింది. నాలుగోది చూద్దామని తల తిప్పాను. వాడు పరుపు మీద తట్టాడట. నాకు వినబడలేదు."

ఎముక విరగలేదు, లిగమెంటు సాగింది, మూడు వారాలు కట్టు. సరిగ్గా తోతాపురి కోతల సమయం. మెట్ల మీద జారిపడ్డాడని అత్తవారింట్లో చెప్పారు. వారం తిరక్కుండానే అసలు సంగతి బయటపడింది. మామగారు ఏమీ అనలేదు, కోతకు ఇంకో కూలీని పెట్టుకున్నారు. అత్తగారు ఫోను చేసి కూతురితో మాట్లాడి పెట్టేస్తున్నారు. పుస్తకాలు ఆరూ అటకెక్కాయి.

ఆ తర్వాత సహోద్యోగి ఒకరు జూడో నేర్పే శిక్షకుడి దగ్గరికి తీసుకెళ్లారు. పందొమ్మిదేళ్ల కుర్రాడు ఛాతీ మీద ఎక్కి కూర్చుంటే నాలుగు నిమిషాలు కదల్లేకపోయారు. "నాకు నలభై మూడు పట్ల పేర్లు తెలుసు. ఒక్కటీ అక్కరకు రాలేదు. నేను కొన్నవి తప్పు పుస్తకాలా? ఏవి కొంటే సరిగ్గా వస్తుంది? అసలు పుస్తకంతో రాని విద్యా ఇది? బావమరిది మళ్లీ మొదలుపెడదామంటున్నాడు, మా ఆవిడ ఆ మాటెత్తితే ఒప్పుకోవడం లేదు. దారి చెప్పండి."

* * *

మీ ఉత్తరంలో పుస్తకాల గురించి నాలుగు పేజీలు, మోచేయి గురించి అర పేజీ ఉన్నాయి. నేను ఆ అర పేజీతో మొదలుపెడతాను.

దూది పరుపు మీద తడితే చప్పుడు రాదు. ఇది మీ తప్పు కాదు, మీ పరుపు తప్పు. కానీ చేతిలో ఒక మనిషి మోచేయి పెట్టుకుని కళ్లు పక్కకు తిప్పడం మీ తప్పే. ఈ విద్యలో తట్టడం అనేది ఓడిపోయానని ఒప్పుకోవడం మాత్రమే కాదు, రేపు మళ్లీ సాధన చేయడానికి ఇద్దరూ కుదుర్చుకున్న ఒప్పందం. నేర్పే చోట్ల మొదటి రోజే చెబుతారు: నేల మీద కాదు, అవతలి మనిషి ఒంటి మీద తట్టాలి, అతనికి తగిలేట్టు తట్టాలి, చేతులు ఖాళీ లేకపోతే నోటితో చెప్పాలి. మీరిద్దరూ "చాలు" అనే మాట పెట్టుకుని ఉంటే ఆ వారం మీ మామగారికి ఇంకో కూలీ అవసరమయ్యేది కాదు.

తట్టకపోతే ఏమవుతుందో ఈ విద్య చరిత్రలోనే ఉంది. 1951లో రియో డి జెనీరోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసహికో కిమురా, బ్రెజిల్‌లో ఈ విద్యను పెంచినవాళ్లలో ఒకరైన హీలియో గ్రేసీ తలపడ్డారు. కిమురా చేయి మెలిపెట్టాడు. హీలియో లొంగలేదు, చేయి విరిగింది, చివరికి అన్న కార్లోస్ తువ్వాలు విసిరి పోటీ ఆపించాడు. ఆ పట్టును ఈనాటికీ కిమురా అనే పిలుస్తారు. మీ నలభై మూడు పేర్లలో అదీ ఉండే ఉంటుంది. హీలియో పట్టుదల గొప్పదే. కానీ అది ఆయన చేయి, ఆయన నిర్ణయం. మీ బావమరిది తట్టాడు కదా.

నేను 1980ల చివర్లో రెండేళ్లు జూడో నేర్చుకున్నదాన్ని. పెద్దగా రాణించలేదు, మోకాలు ఒకటి ఇప్పటికీ మబ్బు పడితే చెబుతుంది. అందుకే మీ డాబా గురించి చదువుతుంటే నాకు కంగారు పుట్టింది. రెండు పరుపుల మధ్య సందులో పాదం ఇరుక్కుని ఒళ్లు తిరిగితే పోయేది మోకాలే. పిట్టగోడ తొడల ఎత్తే ఉందని రాశారు. ఇద్దరు మగవాళ్లు కలబడేచోట అది చాలదు.

ఇక పుస్తకాలు. మీరు కొన్నవి తప్పు పుస్తకాలు కావు. ఒకటి రెండు తప్ప. వాటిని తప్పు వరసలో చదివారు. చదవాల్సిన సమయం కూడా అది కాదు.

మీ ఆరింటిలో సౌలో రిబీరో రాసిన "జియు-జిట్సు యూనివర్సిటీ" ఉంది. 2008లో వచ్చిన పుస్తకం. దాని అమరిక ఒక్కసారి చూడండి. బెల్టుల వరసలో, అంటే నేర్చుకునేవాడి స్థాయిని చూపే నడికట్టు రంగుల వరసలో సాగుతుంది. తెల్ల బెల్టు భాగమంతా బతికి బయటపడటం గురించి, అంటే కింద పడినప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, మెడ ఎలా కాపాడుకోవాలి అని. నీలం బెల్టు భాగం తప్పించుకోవడం. ఊదా రంగు బెల్టుకు గార్డ్, అంటే కింద వెల్లకిలా ఉండి కాళ్లతో పైవాణ్ణి అదుపులో పెట్టడం. గోధుమ రంగు బెల్టుకు ఆ గార్డ్‌ను దాటడం. లొంగదీసే పట్లు నల్ల బెల్టు భాగంలో, పుస్తకం చివర ఉన్నాయి. మీరు మొదలుపెట్టింది ఎక్కడినుంచి? "ఆర్మ్‌బార్ పేజీ మడిచిపెట్టుకున్నాను" అని రాశారు. అంటే చివరి భాగం. ఆ కుర్రాడు మీ ఛాతీ మీద కూర్చున్న నాలుగు నిమిషాల్లో మీకు కావలసిందల్లా మొదటి భాగంలో ఉంది. పెళ్లి భోజనంలో తాంబూలంతో మొదలుపెట్టినట్టు చేశారు.

రెండోది, చరిత్ర, సిద్ధాంతం ఎక్కువున్నది. అది చాప మీదికి పనికిరాదని విసుక్కున్నారు. నేను దాన్ని తీసేయమనను. రాత్రిపూట చదువుకోండి. జపాన్‌లో జిగోరో కానో 1882లో కొడోకాన్ జూడో స్థాపించడం, ఆయన బడిలో తయారైన మిత్సుయో మయేడా 1914లో బ్రెజిల్ చేరడం, కార్లోస్ గ్రేసీ ఆయన దగ్గర నేర్చుకోవడం, ఆ కుటుంబం నేల మీది పోరాటాన్నే పట్టుకుని సానబెట్టడం, 1993లో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన, వేర్వేరు పోరాట విద్యలవాళ్లు తలపడే మొదటి యూఎఫ్‌సీలో రాయిస్ గ్రేసీ తనకంటే పెద్దవాళ్లను ఓడించి ప్రపంచానికి చూపించడం, ఈ వరస తెలిస్తే మీ ఊరి జూడో శిక్షకుడు మీకు పరాయివాడిగా కనబడడు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

మూడోది ఒక విజేత తన సొంత తరహా గార్డ్ గురించి రాసినది. బొమ్మలు అద్భుతంగా ఉన్నాయన్నారు. ఆ విజేత పాదం తన చెవి దాకా వస్తుంది. మీది వస్తుందా? ప్రతి రచయితా తన ఒంటికి నప్పిన విద్యనే రాస్తాడు. పొడుగు కాళ్లవాడికి తేలికైనది పొట్టివాడికి చచ్చేంత పని. ఆ పుస్తకం మూడేళ్ల తర్వాత తీయండి.

నాలుగోది కాలి పట్లది. దీన్ని అటక మీదనే ఉంచండి, ఇంకా లోపలికి తోసినా ఫరవాలేదు. మడమను మెలితిప్పే హీల్ హుక్‌లో ఒత్తిడి మోకాలి మీద పడుతుంది. నొప్పి తెలిసేసరికే లిగమెంటు తెగి ఉండవచ్చు. అంటే తట్టడానికి సమయమే ఉండదు. అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ నిబంధనల్లో గీ అనే మందపాటి సాధన దుస్తులు వేసుకుని ఆడే పోటీల్లో నల్ల బెల్టువాళ్లకు కూడా అది నిషిద్ధం. గీ లేని పోటీల్లో పెద్దల విభాగంలో గోధుమ, నల్ల బెల్టులవాళ్లకు మాత్రం 2021 నుంచి అనుమతించారు. అన్నేళ్లు సాధన చేసినవాళ్లకే అంత ఆలోచించి ఇచ్చారు. చెంబు కింద పుస్తకం పెట్టుకుని మనం చేసేది కాదు.

వీధి పోరాటాల ఆత్మరక్షణ పుస్తకం గురించి నాకు చెప్పడానికేమీ లేదు. కత్తి పట్టుకున్నవాణ్ణి ఒక బొమ్మలో నిలబెట్టి రెండో బొమ్మలో పడేసే పుస్తకాలను నేను నమ్మను.

ఆరోది చవకగా వచ్చిందని కొన్నది. పట్టుకు ఒక్క బొమ్మ, కింద రెండు వాక్యాలు. పుస్తకం ఎలా ఉండకూడదో అది నేర్పుతుంది కాబట్టి దాని విషయమై కొంచెం ఎక్కువ మాట్లాడతాను. రేపు మీరు ఏడో పుస్తకం కొనకుండా ఉండరు, నాకు తెలుసు.

ఛాతీ మీద కూర్చున్నవాడి కింద నుంచి తప్పించుకోవడం తీసుకోండి. మోచేయి, మోకాలు కలిపి జరిగే పద్ధతి. బొమ్మల్లో ఇలా ఉంటుంది: ఒకటో బొమ్మలో మీరు వెల్లకిలా ఉన్నారు. రెండులో ఒక పక్కకు ఒత్తిగిలారు. మూడులో మీ మోచేయి అతని మోకాలి లోపలి వైపు ఆనింది. నాలుగులో మీ మోకాలు లోపలికి వచ్చేసింది. చూడటానికి ఎంత తేలిక! మూడుకూ నాలుగుకూ మధ్య మీ నడుము జానెడు పక్కకు జరిగింది. ఎలా జరిగింది? చేత్తో అతన్ని నెట్టడం వల్ల కాదు. పాదం నేలకు తన్ని, బరువంతా కింది భుజం మీదికి తెచ్చుకుని, క్షణంపాటు పిరుదులు నేల నుంచి లేపి వెనక్కి లాగడం వల్ల. మోచేయి అతని మోకాలిని నెట్టదు, అది ముందుకు రాకుండా గడియ వేసినట్టు ఉంటుంది, అంతే. కదిలేది మీరు. ఇది బొమ్మలో కనబడదు. బొమ్మకు బరువు తెలియదు, పాదం ఎప్పుడు తన్నిందీ తెలియదు. అందుకే మంచి పుస్తకాన్ని బొమ్మలను బట్టి కాదు, బొమ్మల పక్కన ఉన్న మాటలను బట్టి పోల్చుకోవాలి. "ఇప్పుడు బయటికి జరగండి" అని ఊరుకునే రచయిత మీకు పనికిరాడు. బరువు ఏ భుజం మీద ఉండాలి, ఏ పాదం తన్నాలి, పైవాడు ముందుకు వంగితే ఏం చేయాలి, వెనక్కి ఒరిగితే ఏం చేయాలి అని రాసేవాడు కావాలి. తప్పు చేస్తే ఎలా ఉంటుందో కూడా బొమ్మ వేసి చూపించేవాడు దొరికితే వదలకండి. ఆ తప్పు బొమ్మలోనే మీరు మిమ్మల్ని పోల్చుకుంటారు.

కొనేముందు నాలుగు పేజీలు నమూనాగా చూసే వీలుంటుంది. ముఖచిత్రం మీది పతకాలు లెక్కపెట్టకండి. ఒకే కదలికను రెండు వైపుల నుంచి చూపించారా, అటువైపు దాక్కున్న చేయి ఏం చేస్తోందో తెలుస్తోందా చూడండి. గీతో ఆడేదా, గీ లేకుండానా అనేది కూడా ముందే చూసుకోవాలి. మీరు టీషర్టుతో సాధన చేస్తూ కాలర్ పట్టుకుని గొంతు బిగించే పేజీలు చదివారు. లేని కాలర్‌ను ఎక్కడ పట్టుకుంటారు? జూడో జాకెట్టు ఒకటి కుట్టించుకున్నా, కొన్నా మొదట్లో అది చాలు. బైండింగు కూడా చూడండి. నేల మీద పెడితే తనంతట తాను తెరుచుకుని ఉండే పుస్తకం అయితే చెంబు అక్కర్లేదు.

ఎవరో స్నేహితుడు పాతిక పుస్తకాలు ఫోనుకు ఉచితంగా పంపిస్తానన్నాడని రాశారు. రచయిత కష్టం సంగతి ఆయనతో మీరే తేల్చుకోండి. నా అభ్యంతరం వేరే. ఆరు పుస్తకాలే మిమ్మల్ని ముంచాయి, పాతిక ఏం చేస్తాయి?

చదవాల్సిన సమయం అన్నాను కదా. మీరు ముందు చదివి తర్వాత చేశారు. తిరగేసి చూడండి. ముందు ఇరుక్కోండి. ఎక్కడ ఇరుక్కున్నారో ఇంటికొచ్చి ఒక నోటు పుస్తకంలో రాయండి, తెలుగులోనే: "ఎడమ చేయి నా చంక కింద దూర్చాడు, నా తల అటు తిరగలేదు." అప్పుడు పుస్తకం తెరిచి ఆ ఒక్క సంగతి వెతకండి. రచయిత మాట అప్పుడు ఒంటికి అర్థమవుతుంది. నలభై మూడు పేర్లు ఇంగ్లీషులోనూ పోర్చుగీసులోనూ జపనీసులోనూ వల్లించడం కన్నా, మీకు మీరే పేర్లు పెట్టుకున్న మూడు సంగతులు నయం. పక్క నుంచి అడ్డంగా పడి అదిమే సైడ్ కంట్రోల్‌ను అడ్డపట్టు అనుకోండి, ఛాతీ మీద ఎక్కి కూర్చునే మౌంట్‌ను గుండెల మీది కుంపటి అనుకోండి, మీ ఇష్టం.

అయితే ఇరుక్కోవడానికి చోటు కావాలి. అక్కడే మీ అసలు చిక్కు ఉంది. నాకు మూడు దారులు కనబడుతున్నాయి. దేనికి చెల్లించాల్సింది దానికి ఉంది.

మొదటిది ఆ జూడో శిక్షకుడు. మీరు ఆయన దగ్గర కోరుకున్నది దొరకలేదన్నట్టు రాశారు. దొరికింది కదా, నాలుగు నిమిషాలు! జూడోలో ఎదుటివాణ్ణి వెల్లకిలా అదిమి ఇరవై సెకన్లు ఉంచితే పూర్తి గెలుపు. ఆ లెక్కన ఆ కుర్రాడు మిమ్మల్ని పన్నెండుసార్లు గెలిచాడు. మీకు కావలసిన గురువు వాడే. జూడోలో నేల మీది భాగాన్ని నే-వాజా అంటారు, బ్రెజిల్ వాళ్ల విద్యకు వేరు అక్కడే ఉంది. అదిమిపట్టడం, తప్పించుకోవడం, చేతి పట్లు, గొంతు పట్లు అక్కడా ఉన్నాయి. తేడా ఎక్కడంటే, పోటీ జూడోలో నేల మీద ఎక్కువసేపు ఉండనివ్వరు, కాలి పట్లు లేవు, గార్డ్ గురించి అంత లోతుగా వెళ్లరు. పైగా ముప్ఫై రెండేళ్ల వయసులో పడటం నేర్చుకోవాలి. మొదటి కొన్ని వారాలు పడటమే పాఠం, ఒళ్లు హూనమవుతుంది. కానీ అక్కడ చాప గట్టిది, తడితే వినబడుతుంది, చూసేవాడు ఒకడు నిలబడి ఉంటాడు. ఇంటికి దగ్గర, పాప నిద్ర లేచేసరికి తిరిగి రావచ్చు. మొహమాటం వదిలి శిక్షకుడితో సూటిగా చెప్పండి: "నాకు పోటీలు వద్దు, నేల మీది పని ఎక్కువ కావాలి." ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఆయన చాప, ఆయన పద్ధతి.

రెండోది చెన్నై. రైలులోనైనా బస్సులోనైనా సుమారు మూడు, మూడున్నర గంటలు. నెలకు ఒకటి రెండుసార్లు వెళ్లవచ్చు. ఆదివారాలు చాలాచోట్ల మామూలు తరగతి ఉండదు, ఉంటే స్వేచ్ఛగా సాధన చేసుకునే సమయం ఉంటుంది. ముందే ఫోను చేసి అడిగి వెళ్లండి. కొత్తవాడినని, పుస్తకాలతో నేర్చుకున్నానని దాచకుండా చెప్పండి, నవ్వితే నవ్వనివ్వండి. అక్కడ గంటలో మీ నోటు పుస్తకంలోని మూడు ప్రశ్నలు తీరతాయి, నెలంతా చేసుకునే పని దొరుకుతుంది. ఈ దారిలో అసలైన విద్య అసలైనవాళ్ల దగ్గర దొరుకుతుంది. కానీ ఆదివారం పోతుంది, ప్రతిసారీ డబ్బు పోతుంది, మీ ఆవిడ, పాప ఆ రోజు మీరు లేకుండా ఉండాలి. క్రమం తప్పకుండా వారానికి మూడు రోజులు వెళ్లేవాళ్లకే తెల్ల బెల్టు నుంచి నీలానికి తరచు రెండేళ్లు పడుతుంది. నెలకు రెండుసార్లతో మీరు బెల్టు గురించి ఆలోచించకపోవడమే మంచిది.

మూడోది మళ్లీ ఇంట్లోనే. మీ బావమరిదికి కావలసింది ఇదే. పూర్తిగా కాదనను, కానీ చాలా తీసేస్తాను. ముందు వాడి మోచేయి విషయంలో డాక్టరో ఫిజియోథెరపిస్టో సరేననాలి, మీరిద్దరూ కాదు. డాబా వద్దు. కింది గదిలో మంచం జరిపి, అంచులు ఒకదానిలో ఒకటి ఇమిడే మందపాటి ఫోమ్ చాపలు వేసుకోండి. కీలు పట్లు, మెడ పట్లు, గొంతు పట్లు ఇంట్లో పూర్తిగా మానేయండి. మెడకు రెండు పక్కలా రక్తనాళాలు నొక్కుకుంటే పదీ పదిహేను సెకన్లలో స్పృహ తప్పవచ్చు, నాలుగో బొమ్మ చూడటానికి ఆ సమయం చాలదు. మిగిలింది ఏమిటంటారా? చాలా ఉంది. ఒకరు గుండెల మీద కూర్చుని మొదలుపెడతారు, రెండు నిమిషాల్లో కిందివాడు బయటపడాలి. పైవాడి పని కూర్చుని ఉండటమే. తర్వాత మారండి. అడ్డపట్టుతో అలాగే. ఒంటరిగా ఉన్నప్పుడు గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడుము జరుపుకుంటూ వెళ్లడం, భుజాల మీద వంతెనలా లేవడం. చూసేవాళ్లకు నవ్వొస్తుంది, మీ పాప తప్పకుండా వచ్చి పక్కన చేస్తుంది. ఈ దారిలో డబ్బు ఖర్చు తక్కువ, దెబ్బలూ తక్కువ. కానీ ఇద్దరికీ తెలిసింది ఒకటే అయినప్పుడు ఇద్దరూ కలిసి ఒకే తప్పును గట్టిపరుచుకుంటారు, ఆరు నెలల తర్వాత అక్కడే ఉంటారు. మొదటి దారితోనో రెండో దారితోనో కలిపితే తప్ప ఇది ఎటూ పోదు.

ఏ దారైనా ఒక కట్టుబాటు పెట్టుకోండి. పుస్తకం చదివేవాడు పట్టు పట్టకూడదు. పట్టు పట్టేవాడు పుస్తకం వైపు చూడకూడదు. మూడో మనిషి లేకపోతే ఆ రోజు పుస్తకం లేదు.

ఇప్పుడు మీరు అడగనిది. అత్తగారు మాట్లాడనిది మోచేయి గురించి అని మీరు రాశారు. నాకలా అనిపించడం లేదు. తోటలో పుట్టి పెరిగిన కుర్రాడు, చెట్టు మీంచి ఎన్నిసార్లు పడి ఉంటాడో ఆమెకు తెలియదా? ఆమెకు మింగుడుపడనిది ఆ మెట్లు. మెట్ల మీద జారాడని మీరు చెప్పారు, మీతోపాటు ఆమె కొడుకూ చెప్పాడు, కూతురూ చెప్పింది. ఇంట్లో ముగ్గురు కలిసి తనొక్కదానికి అబద్ధం చెప్పారు. మీ ఆవిడ కోపంలో కూడా సగం ఇదే ఉంటుంది. పుస్తకాల ఖర్చు మీరు తన దగ్గర దాచారు, పైగా తల్లి దగ్గర తన చేత అబద్ధమాడించారు. ఆమె పుస్తకాలు చించలేదు, అమ్మలేదు, అటకెక్కించింది. అంటే దించడానికి వీలు ఉంచింది.

చిత్తూరు వెళ్లిరండి. డెబ్భై కిలోమీటర్లు, గంటన్నర, రెండు గంటల బస్సు. అక్కడ జియు-జిట్సు గొప్పతనం వివరించకండి. "తట్టాడు, నేను చూసుకోలేదు, తర్వాత అబద్ధం చెప్పాను" అన్నది చాలు. కూలీకి ఇచ్చిన డబ్బు తిరిగిస్తానని మీరు రాసినదాంట్లో తప్పు లేదు, కానీ ఏమీ అనకుండా ఊరుకున్న మామగారి చేతిలో నోట్లు పెడితే ఆయన మౌనానికి వెల కట్టినట్టవుతుంది. నొచ్చుకోవచ్చు. వచ్చే కోతలకు నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లడం ఇంకో మార్గం. ఎండలో తోతాపురి బుట్టలు మోయడం చులకన పని కాదు, ఆ నాలుగు రోజులు చాప మీద సాధన కూడా తప్పుతుంది. ఏది మీకు ఒప్పుతుందో మీరే చూసుకోండి, మీ మామగారు ఎలాంటివారో మీకు తెలుసు.

ఇంట్లో మాత్రం లెక్క ముందు పెట్టండి. పద్నాలుగు వేలు పోయింది, ఇకమీదట నెలకు ఇంత, అంతకు మించి కాదు అని. ఆమె జూడో నయమంటుందో, చెన్నై నయమంటుందో, రెండూ వద్దని ఏడాది ఆగమంటుందో నాకు తెలియదు. ఏడాది ఆగమంటే మీకు కష్టంగానే ఉంటుంది. కానీ అటక మీదినుంచి మొదట దించే పుస్తకం ఏదో ఇద్దరూ కలిసి తేల్చుకుంటే బాగుంటుంది. నా ఓటు సౌలో రిబీరోకు, అదీ మొదటి భాగానికే. మిగతా ఐదు అక్కడే ఉండనివ్వండి.

మీ ఉత్తరం నిండా లెక్కలే ఉన్నాయి. ఆరు పుస్తకాలు, నలభై మూడు పట్లు, పద్నాలుగు వేలు, నాలుగు నిమిషాలు, మూడు వారాలు. ఈ జవాబు మీ బావమరిదికి చూపించి, ఆ రోజు తను ఎన్నిసార్లు తట్టాడో అడగండి. ఉత్తరంలో ఆ లెక్క ఒక్కటే లేదు.